పల్లంవైపు ముక్కు

విద్యార్థినుల వసతి గృహం
మూడో అంతస్తు, మెట్ల పక్క గది
జనవరి 19

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. మర్యాద కోసం అబద్ధం రాయలేను. నేను క్షేమంగా లేను. మీరు మాత్రం ఉండవలసిన దానికంటే ఎక్కువ క్షేమంగా ఉన్నారని నిన్న నాన్న చెప్పారు. ఎర్రటి కొత్త స్పోర్ట్స్ కారు కొన్నారట. దానికి క్లచ్ లేదట, తాళంచెవి తిప్పక్కర్లేదట, బొత్తాం నొక్కితే చాలట. ఈ వార్తను నాన్న నవ్వుతూ చెప్పారు. నేరాన్ని చిన్నది చేసి చూపడానికి మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ నవ్వును వాడతారని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు కాబట్టి నేను నవ్వలేదు.

ఫోన్ చేయవచ్చు కదా అంటారేమో. చేయను. ఫోన్‌లో మీరు నా రెండో వాక్యం మధ్యలో నవ్వుతారు, మూడో వాక్యానికి నేనూ నవ్వుతాను, వాదన కాస్తా గంగలో కలుస్తుంది. కాగితం మీద ఎవరూ ఎవరినీ నవ్వించి తప్పించుకోలేరు.

నా అభియోగం వినండి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మీరు పాతకాలపు కార్లు తప్ప నడపలేదు. మొదట మీగడరంగుది. తర్వాత చెక్క తలుపులది, వానాకాలంలో దాని తలుపుకి పుట్టగొడుగులు మొలిచాయి. ఆ తర్వాత పదిహేడేళ్ళుగా పెద్దావిడ: ముదురాకుపచ్చ రంగుది, నాకంటే నలభై ఏళ్ళు పెద్దది, ఉదయంపూట చోక్ లాగి బతిమాలితే తప్ప లేవనిది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే చేతులతోనే మీరు దాని కార్బురేటర్ విప్పేవారు. కళ్ళజోడు స్క్రూడ్రైవర్‌తోనే సరిచేసేవారు. "బండి మాట్లాడుతుంది, వినడం నేర్చుకో" అని నాకు ఏడేళ్ళప్పుడు చెప్పిన మనిషి, ఇవాళ వినవలసిన అవసరమే లేని బండి కొన్నది. దీనిని నేను సౌకర్యానికి లొంగిపోవడం అంటాను. సౌకర్యం నైపుణ్యాన్ని చంపుతుందన్న అంశంపై నిరుడు నేను గెలిచిన కప్పు ఈ గదిలో కిటికీ గట్టు మీద ఉంది. ఆ ప్రసంగంలో నేను చూపిన ఏకైక సజీవ ఉదాహరణ మీరు. ఇప్పుడా కప్పును ఏ మొహంతో తుడవమంటారు?

ఇంతకంటే పెద్ద నేరం ఇంకొకటుంది. పెద్దావిడను ఎవరో హోటల్ వాళ్ళు పట్టుకుపోయి, ఆయిలూ పెట్రోలూ తీసేసి, ముందు హాల్లో ఎత్తైన గద్దె మీద నిలబెట్టి, చుట్టూ తాడు కడతారట. పదిహేడేళ్ళు మనల్ని మోసిన ప్రాణి, సూట్‌కేసులు మోసేవాళ్ళ పక్కన పూలకుండీలా నిలబడాలా?

సమాధానం రాయండి. ఒక్క నిబంధన: జాలి వాదన చెల్లదు. వయసు, అలసట, ఒంట్లో బాగాలేకపోవడం వంటివి తెచ్చిన పక్షం ఓడినట్టే లెక్క. మా చర్చామండలిలో ఇదే నియమం. మనకీ ఇదే.

ఇట్లు,
మీ మేనకోడలు, ప్రస్తుతానికి ప్రతిపక్షం


కళ్ళజోళ్ళ దుకాణం
వెనకగది, సానయంత్రం పక్క బల్ల
జనవరి 27

ఒసే ప్లీడరమ్మా,

"మీరు" అని రాశావు. నువ్వు నన్ను మీరు అనడం ఇది రెండోసారి. మొదటిసారి నీకు తొమ్మిదేళ్ళు. నీ పెన్సిళ్ళ డబ్బా మీద చూసుకోకుండా కూర్చున్నాను. ఆ కోపం నాలుగు రోజులుంది. ఇది ఎన్నాళ్ళుంటుందో ముందే చెప్తే దానికి తగ్గట్టు కవర్లు కొనుక్కుంటాను.

నేరం ఒప్పుకుంటున్నా. కొన్నాను. ఎర్రది. మామూలు ఎరుపు కాదు, దారిన పోయే కుక్క కూడా ఆగి చూసే ఎరుపు. పేరు పిడుగు. దాని సీటు నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. కూర్చుంటే పక్క లారీ టైరు నా మొహానికి ఎదురుగా ఉంటుంది. బొత్తాం నొక్కుతాను, అది గుర్రుమంటుంది, నాకు కడుపులో చక్కిలిగింతలు పుడతాయి. మొదటి వారం పొద్దున్నే లేచి ఊరికే గుర్రుమనిపించి మళ్ళీ వచ్చి పడుకున్నాను. పక్కకొట్టు తాళాలాయన, "అక్కా, ఊరెళ్తున్నావా?" అంటే, "లేదు తమ్ముడూ, పలకరించి వస్తున్నా" అన్నాను.

ఇప్పుడు నువ్వు నవ్వకూడని సంగతి. మూడో రోజున పెద్ద కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. ఆగాను. ఆగానో లేదో ఇంజన్ ఠక్కున చచ్చిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు కదా, బుర్రని అడగలేదు. తలుపు తీశాను, దిగాను, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని భుజం ఆనించి తొయ్యడం మొదలుపెట్టాను. కదిలితేగా. వెనకనించి కూరగాయల బండాయనా, ఇద్దరు కాలేజీ పిల్లలూ వచ్చి చేతులేశారు. నలుగురం కలిసి ఊఁ అంటే ఊఁ అని తోస్తున్నాం. ట్రాఫిక్ పోలీసాయన తాపీగా నడుచుకుంటూ వచ్చి, "అమ్మా, పెట్రోల్ మిగలడానికి అది తనంతట తనే ఆగుతుంది. తలుపు తీయకుండా బ్రేక్ మీంచి కాలు తీస్తే తనే లేస్తుంది. మీరు దిగారు కాబట్టి దొంగలు తోసుకుపోకుండా తనే బ్రేక్ వేసుకుంది," అన్నాడు. అప్పటికి ఆకుపచ్చ లైటు మూడుసార్లు వచ్చి వెళ్ళిందట. ఆ కాలేజీ పిల్లలు వీడియో తీయలేదని నా నమ్మకం. ఎందుకంటే వాళ్ళూ తోస్తున్నారు.

నీ కప్పు సంగతికొద్దాం. నైపుణ్యం గురించి అంత గొప్పగా మాట్లాడిన మా ప్లీడరమ్మ డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పిందని మీ నాన్న అదే నవ్వుతో నాకూ చెప్పాడు. రెండుసార్లూ ఎత్తు మీద ఆపి, మళ్ళీ కదిలించబోతే వెనక్కి జారావట. రెండోసారి పరీక్ష పెట్టేవాళ్ళ కుర్చీ దాకా. నీ ఉత్తరంలో ఇది లేదే?

పెద్దావిడ విషయం నవ్వు కాదు. నా షెడ్డులో ఒక్క బండికే చోటు. ఎండకీ వానకీ దాన్ని బయట పెట్టలేను. ఒకాయన విడిభాగాలకి విప్పుకుంటానంటూ వచ్చాడు, గుమ్మంలోంచే పంపేశాను. హోటల్ వాళ్ళు కనీసం రోజూ తుడుస్తారు. నడిపేవాళ్ళు దొరికితే హోటల్ ఎందుకు? ఏప్రిల్ పదిహేనున వాళ్ళ లారీ వస్తుంది. ఆలోపు నీ చేతిలో లైసెన్స్ ఉంటే పెద్దావిడ నీది. లేకపోతే గద్దె ఎక్కుతుంది. మాట మార్చను.

ఇక నీ నిబంధన. జాలి వాదన చెల్లదన్నావు. సరే, కట్టుబడి ఉంటాను. పెట్టింది నువ్వేనని గుర్తుపెట్టుకో.

నీ అత్త


వసతి గృహం
ఫిబ్రవరి 6

అత్తా,

నేను లైసెన్స్ సంగతి దాచలేదు. అభియోగానికి సంబంధం లేని విషయాలను ప్రస్తావించకపోవడం వాదనలో క్రమశిక్షణ. అయినా మీరు, అంటే నువ్వు, దానిని బయటపెట్టావు కాబట్టి ఒప్పుకుంటున్నాను: రెండుసార్లూ జారాను. ఆ కుర్చీ ప్లాస్టిక్‌ది, ఖాళీగా ఉంది. నాన్న ఈ రెండో వాక్యం నీకు చెప్పి ఉండరు.

నీ సవాలు స్వీకరిస్తున్నాను. మా వసతి గృహం వెనక సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. చివరన ఒక కారు పట్టే చోటుంది. వార్డెన్ ముందు నలభై నిమిషాలు వాదించాను. చివరికి ఆవిడ "కారు పెట్టుకో, నా గదిలోంచి మాత్రం బయటికి నడువు" అన్నారు. అంటే సమస్య చోటు కాదు, నేను.

డ్రైవింగ్ స్కూలు వాళ్ళ కారు వారానికి రెండు గంటలే దొరుకుతుంది. అది సరిపోదు. కాబట్టి నువ్వు నాకు ఉత్తరాల్లో నేర్పాలి. నవ్వకు. ఏర్పాట్లు చేసుకున్నాను. కుర్చీ ముందు నేల మీద మూడు పుస్తకాలు పరిచాను. ఎడమ పక్క క్లచ్, అది న్యాయశాస్త్ర సంపుటం, తొమ్మిది వందల పేజీలు, దాని కిందొక దిండు. మధ్యలో బ్రేక్, నిఘంటువు. కుడి పక్క యాక్సిలరేటర్, పలచటి పద్యాల పుస్తకం. గేరు కర్ర బదులు నా గొడుగు, చెత్తబుట్టలో నిలబెట్టి. నా గదిలో ఉండే నర్సింగ్ అమ్మాయి మొదటిరోజు తన మంచం గోడవైపు జరుపుకుంది. రెండో రోజు నా నాడి చూసింది.

రాయి. ఏ పాదం ఎప్పుడు, ఏ చెయ్యి ఎప్పుడు. ఉపమానాలు వద్దు.

నీ మేనకోడలు


కళ్ళజోళ్ళ దుకాణం
ఫిబ్రవరి 14

ప్లీడరమ్మా,

ఉపమానాలు లేవు. రాసుకో.

పై గేరు నుంచి కింద గేరుకి రావాలంటే పెద్దావిడ రెండుసార్లు క్లచ్ తొక్కించుకుంటుంది. న్యాయశాస్త్రం తొక్కు. గొడుగు మధ్యకి తెచ్చి వదులు. న్యాయశాస్త్రం వదిలెయ్యి. ఇప్పుడు పద్యాల మీద ఒక్క తట్టు తట్టు, గట్టిగా కాదు, పేజీ నలగనంత. మళ్ళీ న్యాయశాస్త్రం తొక్కి గొడుగు కిందికి లాగు. ఈ మొత్తం ఒక్క ఊపిరిలో అవ్వాలి. ఊపిరి రెండయితే గేరు పళ్ళు కరకరమంటాయి, పెద్దావిడ వారం రోజులు మాట్లాడదు. క్లచ్‌ని మోకాలితో తొయ్యకు. తుంటి నుంచి తొయ్యి.

రెండో పాఠం, ఇది పుస్తకాలతో రాదు. బండిని ఎప్పుడు ఎక్కడ ఆపినా ముక్కు పల్లంవైపు ఉండాలి. పాతబండి పొద్దున లేస్తుందో లేదో దానికే తెలీదు. ముక్కు పల్లంవైపు ఉంటే ఎవర్నీ బతిమాలక్కర్లేదు. తాళం తిప్పి ఉంచి, క్లచ్ తొక్కి, రెండో గేరు వేసి, బ్రేక్ వదిలెయ్యి. దొర్లుతుంది. మనిషి పరుగెత్తేంత వేగం రాగానే క్లచ్ ఠక్కున వదులు. దగ్గి లేస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ ఊళ్ళో నేను ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు చూసింది పందిరి కాదు, పల్లం.

ఒక రహస్యం చెప్తాను, మీ నాన్నకి చెప్పకు. పిడుగుని కూడా పల్లంవైపే ముక్కుపెట్టి ఆపుతున్నాను. తాళాలాయన చూసి, "అక్కా, ఇది దొర్లిస్తే లేచే రకం కాదు," అన్నాడు. తెలుసన్నాను. "మరెందుకు?" అన్నాడు. "నాకు నిద్ర పట్టాలి కదా," అన్నాను.

ఇంకో సంగతి. మొన్న స్క్రూడ్రైవర్ల పెట్టె పట్టుకుని పిడుగు బానెట్ ఎత్తాను. లోపల నల్లటి ప్లాస్టిక్ మూత, నున్నగా, భోజనాల బల్లలాగా. తిప్పడానికి ఒక్క స్క్రూ లేదు. అరగంట వెతికాను. చివరికి ఒకటి దొరికింది, నంబర్ ప్లేట్‌ది. బిగించాను. అప్పటికే బిగిసి ఉంది. అయినా ఆ పూట ప్రశాంతంగా గడిచింది.

పెద్దావిడ మన మెకానిక్ చెవి దగ్గరుంది. హోటల్‌కి పంపేలోపు రంగు దిద్దమని ఇచ్చాను. నీ క్యాంపస్ నుంచి బస్సులో గంట. ఆదివారాలు వెళ్ళు. పక్కన కూర్చుని నేర్పమని చెప్పాను. విసుక్కుంటాడు, విను.

అత్త


వసతి గృహం
మార్చి 18

అత్తా,

నాలుగు ఆదివారాలు అయ్యాయి. నిన్నటి ఆదివారం గురించే ఈ ఉత్తరం. అయితే వాదనలో వరుస తప్పడం నాకు ఇష్టం లేదు, కాబట్టి ముందు మిగతా మూడూ చెప్తాను.

మెకానిక్‌ని అందరూ చెవి అని ఎందుకంటారో మొదటి ఆదివారమే అర్థమైంది. నేను బండి ఎక్కకముందే, నడిచి వస్తున్న చప్పుడు విని, "కుడికాలు బరువు వేస్తావు, పెట్రోల్ తాగిస్తావు," అన్నాడు. ఆ రోజు గేరు పళ్ళు కరకరమన్నప్పుడల్లా, తన పంటినే లాగుతున్నట్టు దవడ పట్టుకున్నాడు. రెండో ఆదివారం అతని గ్యారేజీ గేటు మీద నా ముద్ర వేశాను. చిన్నదే. మూడో ఆదివారం ఒక్క ఊపిరిలో గేరు పడింది. చెవి దవడ మీంచి చెయ్యి తీశాడు. అంతకు మించిన పతకం నాకింతవరకు రాలేదు.

నిన్న ఎత్తు మీద పదిసార్లు ఆపి పదిసార్లు కదిలించాను. జారలేదు. దిగబోతే ఎడమకాలు నేలమీద ఆనలేదు. పిక్క నుంచి తుంటి దాకా వణికింది. ఆ క్లచ్ ఎంత గట్టిదో నా పుస్తకాలు నాకు చెప్పలేదు. నాకు ఇరవై ఏళ్ళు. నువ్వు దీనిని రోజూ తొక్కావు.

కళ్ళద్దాలు లోపల పెడదామని డ్యాష్‌బోర్డు అర తెరిచాను. నీ స్క్రూడ్రైవర్ల పాతపెట్టె ఉంది. దాని వెనక మోకాలికి తొడుక్కునే పట్టీ ఉంది, సాగిపోయి, ఉతికి ఉతికి రంగు వెలిసిపోయి. చెవిని అడిగాను. "రెండేళ్ళయింది," అన్నాడు. "నాకు ముందే వినబడింది. మీ అత్తయ్య బండి మా వీధి మలుపు తిరుగుతుంటే గేరు అరక్షణం ఆలస్యంగా పడేది. బండిలో లోపం లేదు. లోపం మోకాలిదన్నాను. డాక్టరు ఆరు నెలల తర్వాత చెప్పాడు. చివరి రోజుల్లో ఎడమకాలిని చేత్తో ఎత్తి క్లచ్ మీద పెట్టుకునేది."

తిరుగు బస్సులో జనవరి నాటి నా ఉత్తరాన్ని మనసులో మళ్ళీ చదువుకున్నాను. సౌకర్యానికి లొంగిపోవడం అన్నాను. పైగా జాలి వాదన చెల్లదని తలుపుకి గడియ పెట్టాను. నువ్వు ఆ గడియ అవతల మర్యాదగా నిలబడి, సిగ్నల్ దగ్గర కారు తోసిన కథ చెప్పి నన్ను నవ్వించావు.

ప్రతిపక్షం ఓటమిని అంగీకరిస్తోంది. నువ్వు కారు కొనడం న్యాయమే. ఆ అభియోగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, క్షమాపణతో.

నీ మేనకోడలు


కళ్ళజోళ్ళ దుకాణం
మార్చి 22

ఒసే పిచ్చిమొద్దూ,

నీ ఓటమి నాకు అక్కర్లేదు. తిప్పి పంపుతున్నాను. జాగ్రత్తగా దాచుకో, సరైన కారణం దొరికినప్పుడు వాడుకుందువుగాని.

మోకాలి కోసం కొన్నానని ఎవరు చెప్పారు నీకు? చెవిగాడి చెవులు మంచివే కానీ మోకాలి దాకా విని ఆగిపోతాయి. మోకాలు నన్ను షోరూం దాకా తీసుకెళ్ళింది. అంతవరకే దాని పాత్ర. క్లచ్ లేని బండి చాలు అనుకుని వెళ్ళాను. అమ్మేవాడు నన్ను ఎగాదిగా చూసి, "మీ వయసు వాళ్ళకి ఇది బావుంటుందమ్మా," అని బూడిదరంగు పెట్టెలాంటి దాని దగ్గరికి నడిపించాడు. ఎత్తు సీటు. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు, లేచినట్టు లేవచ్చు. మోకాలు అయితే అక్కడికక్కడే సంతకం పెట్టేసేది. నేను పక్కకి చూశాను. ఎర్రది.

దిగడం ఎంత కష్టమో నీకు చెప్పలేదు కదూ. వాదనకి సంబంధం లేని విషయాలు చెప్పకపోవడం నీ దగ్గరే నేర్చుకున్నాను. ముందు రెండు కాళ్ళూ బయటపెట్టాలి. గొడుగు నేలకి ఆనించాలి. ఒకటి, రెండు, మూడు అనుకుని లేవాలి. మూడుకి లేవకపోతే మళ్ళీ ఒకటి నుంచి. మొన్న బ్యాంకు ముందు పన్నెండు దాకా లెక్కపెట్టాను. ఇది మోకాలి కోసం కొనే కారేనా? నువ్వే చెప్పు, ప్లీడరువి కదా.

ఎందుకు కొన్నానో అడగలేదు నువ్వు. తిట్టావు, తర్వాత జాలిపడ్డావు, మధ్యలో అడగడం మర్చిపోయావు. ఇప్పుడు చెప్తాను. మీ ఊరికీ నీ కాలేజీకీ వెళ్ళే దారిలో రాళ్ళ క్వారీ దగ్గర ఎత్తు ఉంది కదా, మలుపు తిరుగుతూ ఎక్కేది. మీగడరంగుదీ, చెక్క తలుపులదీ, పెద్దావిడా, మూడూ అక్కడ వేడెక్కేవి. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను ఆ ఎత్తుని ఒక్కలాగే ఎక్కాను: ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఉష్ణోగ్రత ముల్లు మీద, రెండు చెవులూ ఇంజన్ మీద. కొనకముందు నడిపి చూడమని పిడుగుని ఇస్తే నేరుగా అక్కడికే తీసుకెళ్ళాను. అది ఆ ఎత్తుని ఎత్తు అని గుర్తించను కూడా లేదు. వినడానికి ఏమీ లేదు, చూసుకోవడానికి ఏమీ లేదు. అప్పుడు తల పక్కకి తిప్పాను.

కింద చెరువు ఉంది. ఇంతా అంతా కాదు, ఈ చివర నుంచి ఆ చివరకి కన్ను చాలనంత. మధ్యలో ఒక దిబ్బ, దాని మీద ఒకే ఒక గుడిసె, గుడిసెకి కట్టేసిన నీలం పడవ. అమ్మేవాడు పక్కన కూర్చుని ఏదో చెప్తున్నాడు, నాకు వినబడలేదు. మీ నాన్నకి ఫోన్ చేసి, "ఒరే అన్నయ్యా, క్వారీ పక్కన చెరువు ఎప్పుడు తవ్వారు?" అన్నాను. "మన తాత పుట్టకముందు," అన్నాడు. ఊరందరికీ చూపు సరిచేసే మనిషిని నేను.

అదీ కారణం. పెద్దావిడ మీద నాకేం కోపం లేదు. వినడం తనే నేర్పింది. చూడటం మిగిలిపోయింది, అంతే.

ఇంకో మాట. లారీ ఇంకా పదిహేనునే వస్తుంది. నువ్వు జాలిపడ్డావని తేదీ మారదు. పరీక్ష ఎప్పుడు?

అత్త


వసతి గృహం
ఏప్రిల్ 11

అత్తా,

ఓటమి పత్రం అందింది. దాచాను.

నిన్న పరీక్ష. చెవి పెద్దావిడను స్వయంగా నడుపుకుంటూ తెచ్చాడు. నేను కుర్చీ దాకా జారినప్పుడు అక్కడ ఉన్న అధికారిణే ఈసారీ వచ్చారు. నన్ను గుర్తుపట్టి, ప్లాస్టిక్ కుర్చీని పది అడుగులు పక్కకి జరిపించారు. పెద్దావిడను చూసి, "స్కూలు కారు లేదా?" అన్నారు. "ఇది నా కారు మేడమ్," అన్నాను. అప్పటికి అది అబద్ధం. ఏప్రిల్ పదిహేను దాకా అబద్ధాలకు గడువు ఉందనుకున్నాను.

ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాను. కింద గేరు ఒక్క ఊపిరిలో పడింది. ఎత్తు మీద ఆపమన్నారు. ఆపాను. చేతిబ్రేక్ పట్టుకుని న్యాయశాస్త్రాన్ని మెల్లగా పైకి వదిలాను. ఇంజన్ గొంతు బరువెక్కడం వినబడింది. అంతకుముందు రెండుసార్లూ నేను ఆ చప్పుడు కోసం ఆగలేదు, ఆత్రంగా బ్రేక్ వదిలేశాను. ఈసారి విన్నాను, పద్యాల మీద తట్టాను, బ్రేక్ వదిలాను. పెద్దావిడ ముందుకు నడిచింది. వెనకాల చెవి తన దవడ మీంచి చెయ్యి తీసి ఉంటాడు, నేను చూడలేదు.

చివరగా గీతల మధ్య ఆపి ఇంజన్ కట్టేయమన్నారు. ఆపాను. ఆమె పక్క సీట్లో కాగితం మీద ఏదో రాస్తూ తలెత్తి, "అందరూ గోడవైపు ఆపుతారు. నువ్వేమిటి తిరగేసి ఆపావు?" అన్నారు.

"గీతల మధ్యే ఉంది మేడమ్. ముక్కు మాత్రం పల్లంవైపు ఉంది."

"ఎందుకు?"

ఇందుకు నా దగ్గర పది నిమిషాల ప్రసంగం ఉంది. మొదలుపెట్టేలోపు వెనకాల తర్వాతి అభ్యర్థి హారన్ కొట్టాడు. "సరే, బండి పక్కకి తియ్యి," అన్నారు. తాళం తిప్పాను. టిక్కుమంది. మళ్ళీ తిప్పాను. ఆ టిక్కు కూడా లేదు. ఆమె కలం కాగితం మీద ఒక గడి పైకి వెళ్ళి ఆగింది. ఏ గడో నాకు తెలుసు.

"ఒక్క నిమిషం మేడమ్," అన్నాను. క్లచ్ తొక్కాను, తుంటి నుంచి. రెండో గేరు. చేతిబ్రేక్ వదిలాను. దొర్లింది. ఆమె డ్యాష్‌బోర్డు పట్టుకున్నారు. మనిషి పరుగెత్తేంత వేగం వచ్చింది. వదిలాను. దగ్గింది, ఇంకోసారి దగ్గింది, లేచింది. మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తీసుకొచ్చి మళ్ళీ అక్కడే ఆపాను. ముక్కు అటే.

ఆమె డ్యాష్‌బోర్డు వదిలారు. "ఇది ఎవరు నేర్పారు?"

"మా అత్తయ్య."

"ఎక్కడ?"

"ఉత్తరాల్లో మేడమ్."

"గేరు మార్చడం కూడా ఉత్తరాల్లోనేనా?"

"దానికి గొడుగు వాడాను."

ఆమె నన్ను చూసి, కాగితాన్ని చూసి, సంతకం పెట్టి ఇచ్చేశారు. ఇంకేమైనా అడిగితే ఇంకేమైనా చెప్తానని భయపడ్డారనుకుంటాను. లైసెన్స్ వచ్చింది. దాని ఫోటోలో నేను అరుస్తున్నట్టున్నాను. నిజంగానే అరుస్తున్నాను.

లారీని రావద్దని చెప్పు.

నీ మేనకోడలు, సొంత కారు గల మనిషి


కళ్ళజోళ్ళ దుకాణం
ఏప్రిల్ 13

నా బంగారుకొండా,

నీ ఉత్తరం కొట్లో గట్టిగా చదివాను. చూపు పరీక్షకొచ్చిన పెద్దాయన చార్టులో అక్షరాలు వదిలేసి నా మొహమే చూస్తున్నాడు. తాళాలాయన రెండుసార్లు చదివించుకున్నాడు. హోటల్ వాళ్ళకి చెప్పేశాను. ఆ గద్దె మీద నిజంగానే పూలకుండీ పెట్టుకుంటారట.

పెద్దావిడ చెవి దగ్గర్నుంచి ఇవాళ నా దగ్గరికి వస్తోంది, నా గుమ్మంలోంచే సాగనంపాలని. రంగు కొత్తది, బ్యాటరీ కొత్తది. పందొమ్మిదిన వచ్చి తీసుకెళ్ళు. మొదటిసారి అంత దూరం ఒక్కదాన్నే పంపను. నువ్వు ముందు, నీ వెనక నేను పిడుగులో. నలభై దాటకు, పెద్దావిడకి పడదు. క్వారీ మలుపు దగ్గర హారన్ కొడతాను. ఎందుకో నీకు తెలుసు.

అత్త


వసతి గృహం
ఏప్రిల్ 21

అత్తా,

నువ్వు క్షేమంగా చేరావని నాన్న చెప్పారు. ఇక్కడ పెద్దావిడ క్షేమం. రేకుల షెడ్డు చివర ఉంది, ముక్కు ఎటుందో చెప్పనక్కర్లేదు. నా ఎడమకాలు క్షేమం కాదు. నర్సింగ్ అమ్మాయి కట్టు కట్టి, "పుస్తకాలతో ఆగిపోవాల్సింది," అంది.

నాలుగు గంటల ప్రయాణంలో మనల్ని దాటి వెళ్ళినవి: బస్సులు అన్నీ, మూడు ట్రాక్టర్లు, ఒక సైకిలు. నా వెనక నువ్వు నలభైలో పిడుగుని నడిపించుకొస్తుంటే జనం నన్ను కాదు, నిన్ను చూసి జాలిపడ్డారు. ఒక లారీ డ్రైవర్ నీ పక్కన నెమ్మది చేసి ఏదో అడగడం అద్దంలో చూశాను. టీ కోసం ఆగినప్పుడు నువ్వు చెప్పావు: "కొత్త బండి, అప్పుడే పాడయిందా అమ్మా?" అన్నాడని. నువ్వు పడి పడి నవ్వి, గొడుగు ఆనించి లేవబోయి, ఏడు దగ్గర లెక్క తప్పి మళ్ళీ సీట్లో పడ్డావు. నేనూ నవ్వాను, ఇది రాస్తూ మళ్ళీ నవ్వుతున్నాను. కాగితం మీద ఎవరూ నవ్వించలేరని జనవరిలో రాశాను. ఆ వాక్యాన్ని కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

ఇప్పుడు అసలు విషయం. టీ దగ్గర నువ్వు, "చూశావా?" అని అడిగావు. నేను, "ఎంత బావుందో," అన్నాను. అబద్ధం. క్వారీ మలుపు దగ్గర నువ్వు రెండుసార్లు హారన్ కొట్టావు. నేను విన్నాను. తల తిప్పలేదు. ముల్లు ఎరుపు గీతకి వేలెడు దూరంలో ఉంది, గేరు కిందికి దించాలా వద్దా అని ఇంజన్ గొంతు వింటున్నాను, ఒక ఊపిరి మధ్యలో ఉన్నాను. మలుపు దాటాక గుర్తొచ్చింది. అప్పటికి క్వారీ గోడ అడ్డొచ్చింది.

చెరువు నాకు కనబడలేదు అత్తా. నీలం పడవ కూడా.

నువ్వు తిప్పి పంపిన ఓటమి పత్రం సొరుగులోంచి తీశాను. సరైన కారణానికి వాడుకోమన్నావు. దీనికి వాడుతున్నాను. పెద్దావిడను ఎవరికీ ఇవ్వను, ఆ మాట వేరు.

వచ్చే ఆదివారం కొట్టు మూసెయ్యి. పిడుగులో వచ్చి నన్ను ఎక్కించుకో. ఎంత వేగంగా వెళ్తావో నీ ఇష్టం. ఆ మలుపు దగ్గర మాత్రం ఆపు, ఇద్దరం దిగి చూద్దాం.

గొడుగు నేను తెస్తాను.

నీ మేనకోడలు